అబద్ధమాడాలన్నా పెట్టి పుట్టాలి

ఆఫీసులో నాకో పేరుంది, ప్రపంచ సినిమా తెలిసినవాడని. అదెలా వచ్చిందో మీకు చెబుతాను గానీ మా సెక్షన్‌లో ఎవరికీ చెప్పకండి. ఓసారి టీ బండి దగ్గర "రాత్రి ఒక ఫ్రెంచ్ సినిమా చూశాను, ఆస్కార్" అన్నాను. వాళ్లు అవార్డు అనుకున్నారు. "ఏ సంవత్సరంది సార్?" అన్నారు. "1967" అన్నాను. అందరూ భక్తిగా తలలూపారు.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. ఆ సినిమా పేరే ఆస్కార్. వచ్చింది 1967లోనే. అవార్డు సంగతి నేనెత్తలేదు, వాళ్లడగలేదు. అప్పట్నించీ సినిమా మాటొస్తే చాలు, "సార్‌ని అడుగుదాం" అంటారు. నేను కళ్లు సగం మూసి "ఫ్రెంచి వాళ్ల దారే వేరు" అంటాను. ఎక్కడైనా సరిపోయే మాట.

ఇంట్లో ఆ పప్పులు ఉడకవు. అందరూ పడుకున్నాక నేను హాల్లో కూర్చుని చూసేదేమిటో మా ఆవిడకి తెలుసు. ఒక పొట్టి బట్టతల పెద్దమనిషి ఈ గదిలోంచి ఆ గదిలోకి పరిగెత్తుతుంటాడు. తలుపులు ధడేల్ ధడేల్‌మంటుంటాయి. నేను సోఫాలో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటాను. ప్రపంచ సినిమా అంటే నా మటుకు అదీ.

"అంత నవ్వడానికి అందులో ఏముందండీ?" అని అడిగిందోనాడు, చిక్కుడుకాయలు వలుస్తూ. అడిగిందే చాలని కథంతా చెప్పాను. బార్నియే అని ఒక పెద్ద కంపెనీ యజమాని. పొద్దున్నే ఆయన దగ్గర పనిచేసే కుర్రాడొచ్చి జీతం పెంచమంటాడు, మీ అమ్మాయినిచ్చి పెళ్లి చేయమంటాడు, పనిలో పనిగా మీ కంపెనీ డబ్బు కాజేశానని కూడా చెప్తాడు. తీరా చూస్తే వాడు ప్రేమించిన పిల్ల ఈయన కూతురే కాదు. అసలు కూతురేమో ఆస్కార్ అనే డ్రైవర్‌ని ప్రేమించానంటుంది. ఇంతలో పెట్టెలు మారిపోతాయి. ఒకదాంట్లో నగలు, ఒకదాంట్లో నోట్లు, ఒకదాంట్లో పనిమనిషి లోదుస్తులు. అన్నీ ఒకే రకం పెట్టెలు. ఏది ఎవరి చేతిలో ఉందో తేలక ఇల్లంతా గగ్గోలు.

అంతా విని "ఆ పనమ్మాయి పెట్టె మళ్లీ ఆ పిల్లకి దొరికిందా?" అంది. మొలినారో తీసిన ఆ సినిమాని అన్నిసార్లు చూశానా, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. "ఆవిడ పని మానేసి ఒక జమీందారుని పెళ్లి చేసుకుంటుంది" అన్నాను. "అయితే ఆ ఇంట్లో బుర్రున్నది ఆ పిల్ల ఒక్కత్తే" అని చిక్కుడు గింజలు పట్టుకుని లోపలికెళ్లిపోయింది. సమీక్ష ముగిసింది.

ఈ రకం కథల్లో ఆరితేరినవాడు జార్జ్ ఫేదో. 1862లో పుట్టి 1921లో పోయాడు. పారిస్ నాటకశాలల్ని ముప్పై ఏళ్లపాటు నవ్వులతో ఊపేశాడు. ఆయన నాటకాలే తర్వాత సినిమాలయ్యాయి. సూత్రం మహా సులువు. ఎవరైతే ఎవరికి కనపడకూడదో, సరిగ్గా వాళ్లనే తీసుకొచ్చి ఎదురెదురుగా నిలబెట్టడం. ఆ సులువైన పని చేయడానికి ఆయన ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎవరు ఏ పక్కనించి రావాలి అని పేజీలకి పేజీలు రాసిపెట్టాడు. ఒక్క తలుపు అరక్షణం ఆలస్యమైతే నవ్వు చచ్చిపోతుంది.

1894లో ఒక నాటకం రాశాడు. అందులో ఒక కాంట్రాక్టరు తన స్నేహితుడి భార్యని తీసుకుని ఓ నాసిరకం హోటల్‌కి వెళ్తాడు. ఆ స్నేహితుడు ఆర్కిటెక్టు. హోటల్లో దయ్యాలున్నాయో, గోడల్లో చప్పుడో తేల్చమని అదే రాత్రి అతన్నీ అదే హోటల్‌కి పంపుతారు. ఊరునించి దిగిన ఇంకో పెద్దమనిషి నలుగురు కూతుళ్లతో అక్కడే బస చేస్తాడు. ఈయనకి వాన పడితే నత్తి. చివరికి పోలీసులు దాడి చేస్తారు. కాంట్రాక్టరు భయపడి స్నేహితుడి పేరు చెప్తాడు, ఆవిడ భయపడి కాంట్రాక్టరు భార్య పేరు చెప్తుంది. ఇంకేముంది, ఏ పాపం ఎరగని ఆ ఇద్దరూ పోలీసు కాగితాల్లో జంటగా ఎక్కి కూర్చుంటారు. 1934లో దీన్ని మార్క్ అలెగ్రే సినిమాగా తీశాడు.

ఇందులో నాకు నచ్చేదేమిటంటే, అంత పరుగు పరిగెత్తి, అన్ని చెమటలు పట్టించుకుని, చివరికి ఎవరికీ ఏమీ ఒరగదు. వీళ్లు చేయబోయిన తప్పు చేయనేలేదు. శిక్ష మాత్రం పూర్తిగా అనుభవించారు. సంసారం గురించి ఇంతకన్నా నిజం ఏ వేదాంతి చెప్పాడండీ?

ఈ మాట మా ఆవిడతో అంటే "మీరు చేయబోయిన తప్పేమిటి?" అంది. అక్కడితో వేదాంతం ఆపేశాను.

చేయబోయిన తప్పు లేకపోలేదు. నాకు షుగరుంది. మా ఆఫీసులో ఒకాయన సొంతూరు వెళ్లొస్తూ తాపేశ్వరం కాజాలు తెచ్చి చేతిలో పెట్టాడు. వద్దనడం మర్యాదా? బట్టల కొట్టు కవర్లో పెట్టుకుని ఇంటికి తెచ్చి చెప్పుల స్టాండు వెనక దాచాను. మర్నాడు మళ్లీ ఆఫీసుకి పట్టుకెళ్లి, ప్రశాంతంగా, డాక్టరుగారు ఎదురుగా లేని చోట తిందామని. పొద్దున్న కవరు తీసుకుని దర్జాగా బయల్దేరాను. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని తెరిచి చూస్తే రెండు జాకెట్టు ముక్కలు, ఒక కొలత జాకెట్టు. ఆ కొట్టు వాడు పండక్కి మాకు రెండు కవర్లిచ్చాడు మరి, ఒకే రంగువి.

ఆస్కార్ సినిమాలో ఈ పెట్టెల గొడవ గంటన్నర నడుస్తుంది. నాది ఒక్క ఫోన్‌తో అయిపోయింది.

"ఏమండీ, తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"నువ్వు డబ్బాలో పెట్టిందే."

"జాకెట్టు ముక్కలు తినలేదు కదా?"

నేను మాట్లాడలేదు. "టైలరమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. ఈసారి కొలతకి కాజాలు పంపారేంటమ్మా అంటోంది. వాళ్ల పిల్లలు తినేశార్ట. బాగున్నాయిట. వచ్చేటప్పుడు ఆ జాకెట్లు అక్కడ ఇచ్చేసి రండి." అంతే. అరవలేదు, ఏడవలేదు, అలగలేదు. అలిగితే బతిమాలడానికి నా దగ్గర డైలాగులు సిద్ధంగా ఉన్నాయి. వాటికి అవకాశమే ఇవ్వలేదు.

అప్పుడే నాకు తెలిసొచ్చింది, అబద్ధమాడాలన్నా పెట్టి పుట్టాలని. ఫేదో నాటకంలో మొగుడికి పెద్ద ఇల్లుంటుంది, నౌకర్లుంటారు, ఊరి చివర హోటలుంటుంది. అన్నిటికీ మించి చెప్పింది నమ్మే భార్య కనీసం మొదటి అంకం వరకైనా ఉంటుంది. నాకు ఆ మొదటి అంకమే దొరకదు.

పైగా తలుపులు. అక్కడ హాల్లో నిలబడితే చుట్టూ నాలుగైదు తలుపులు. ఒకరు ఇటు దూరితే ఒకరు అటు తేల్తారు. మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. వానాకాలం వస్తే బెడ్‌రూమ్ తలుపు ఉబ్బి మూసుకోదు. మూసుకుంటే తెరుచుకోదు. బాత్రూమ్ గడియ లోపల్నించి పడదు, అందుకని లోపలున్నవాళ్లు పాట పాడుతూ ఉండాలి. రహస్యంగా ఎక్కడన్నా దాక్కోవాలంటే మాకున్నది బాల్కనీ ఒక్కటే. అక్కడ బట్టల తీగలుంటాయి.

ఒకసారి దాక్కున్నాను కూడా. వినాయక చవితి చందా కోసం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ వస్తున్నాడని మెట్లమీద మాటలు వినిపిస్తే, "నేను లేనని చెప్పు" అని మా ఆవిడతో చెప్పి బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక నిలబడ్డాను. "ఇంట్లో లేరండీ" అంది మా ఆవిడ. నమ్మకస్తురాలు. ఆ తర్వాత ఏమందో వినండి. "అయినా వచ్చేస్తారు, కూర్చోండి అన్నయ్యగారూ, కాఫీ తాగి వెళ్దురుగాని." ఆయన కూర్చున్నాడు. కాఫీ అయ్యింది. లిఫ్టు రిపేరు సంగతులయ్యాయి. వాళ్ల చెల్లెలి సంబంధం విషయం మొదలైంది. "ఇంకో కప్పు ఇవ్వనా?" అంది. మిట్టమధ్యాహ్నం, దుప్పటికీ గోడకీ మధ్య నేను. ఎట్టకేలకు లేచాడు. వెళ్తూ వెళ్తూ బాల్కనీ వైపు తిరిగి, దుప్పటికేసి చూసి, "వస్తానండీ మరి" అన్నాడు.

దుప్పటి "మంచిదండీ" అంది. మర్యాద తప్పకూడదు కదా.

మీరు నవ్వుతున్నారుగానీ, దాక్కోవడంలో మన సంప్రదాయం తక్కువదేం కాదు. ఫేదోకి పారిస్‌లో గట్టి పేరు తెచ్చిన నాటకాలు రెండు 1892లో ఆడాయి. వేటకెళ్తున్నానని చెప్పి వేరే చోటికి వెళ్లే మొగుడి కథ అందులో ఒకటి. వెంట వేటకొచ్చాడని చెప్పిన స్నేహితుడే తిన్నగా ఇంటికొచ్చి పెళ్లాం ముందు నిలబడతాడు. సరిగ్గా అదే 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది. మధురవాణి మంచం కింద రామప్పపంతులు ఒకడూ, గిరీశం ఒకడూ దూరితే, పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని రావడం మనకి తెలియందా? గురజాడవారు ఫేదోని చూసి రాయలేదు, ఫేదో గురజాడవారిని చూసి రాయలేదు. మగాడు ఎక్కడైనా మంచం కిందే దూరతాడు, ఆడది ఎక్కడైనా చీపురు తెస్తుంది. దేశాలు వేరైనా మంచాల ఎత్తు ఒకటే.

మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. ఓ రాత్రి నిద్రపట్టక వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను ఒక్కొక్క డైలాగూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. "మీరు కాసేపు ఊరుకోండి అల్లుడుగారూ, నాకు అర్థమవుతోంది" అన్నారు. నిజంగానే అర్థమయింది. నాకన్నా ముందు నవ్వుతున్నారు.

ఆ రాత్రి చూస్తున్నది జాఁ రెన్వార్ 1931లో తీసిన సినిమా. ఫేదోదే కథ. మాటలొచ్చాక రెన్వార్ తీసిన మొదటి సినిమా అది. ఇంటాయన సైన్యానికి పింగాణీ పాత్రలు అమ్మే ప్రయత్నంలో ఉంటాడు. పాత్రలంటే ఏం పాత్రలనుకున్నారు, రాత్రిపూట మంచం కింద పెట్టుకునేవి! సర్కారు తరఫు పెద్దమనిషి భోజనానికి వస్తాడు. ఇవి కిందపడినా పగలవని చెప్పి ఇంటాయన విసిరి చూపిస్తాడు. పగుల్తాయి. అదే సమయానికి ఇంటావిడ పాత గౌనులో, చేతిలో బకెట్టుతో తిరుగుతుంటుంది. పిల్లాడికి విరేచనాల మందు తాగించాలి, వాడు ససేమిరా తాగనంటాడు. ఆవిడకి సైన్యమూ అక్కర్లేదు, బేరమూ అక్కర్లేదు. వచ్చిన అతిథి చేత ముందు తాగించి పిల్లాడికి చూపించాలంటుంది.

"ఆముదం పట్టడానికి ఇంత రభసా!" అని మా అత్తగారు పడీపడీ నవ్వారు. నవ్వి, మా ఆవిడ చిన్నప్పుడు ఆముదం తప్పించుకోవడానికి వడ్ల గాదె వెనక దాక్కున్న సంగతి చెప్పారు. నేనా ముక్క జాగ్రత్తగా దాచుకున్నాను, ఎప్పుడైనా వాడదామని. మర్నాడు కాఫీ దగ్గర వాడాను. "దాక్కుంది నేనే. కానీ నేను దొరకలేదు" అంది మా ఆవిడ.

ఫేదో గురించి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే చెప్పి నేను దెబ్బతిన్నాను. ఆయన 1909లో భార్యతో గొడవపడి ఇంట్లోంచి వెళ్లి పారిస్‌లో రైల్వే స్టేషన్ పక్కనున్న హోటల్ టెర్మినస్‌లో దిగాడు. నాలుగు రోజులుండి పోదామని వెళ్లినవాడు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు. ఇది నేను కాస్త గంభీరంగా చెప్పాను, అలిగి వెళ్లిపోయే మగవాళ్లుంటారు సుమా అని అర్థం వచ్చేలా. మా ఆవిడ విని, "అన్ని తలుపుల గురించి రాసినాయనకి సొంతింటి తలుపు తియ్యనే లేదన్నమాట" అంది. కాసేపాగి, "స్టేషన్ పక్క లాడ్జిలు బాగోవు. వెళ్తే దుప్పటి పట్టుకెళ్లండి" అంది.

ఇక ఆ బట్టతలాయన. లూయీ ద ఫ్యూనెస్. యుద్ధకాలంలో పారిస్ బార్లలో పియానో వాయించి బతికాడు. తర్వాత ఏళ్ల తరబడి సినిమాల్లో కనిపించీ కనిపించని వేషాలు వేశాడు. 1964లో పోలీసు వేషంతో జనం నెత్తిన పెట్టుకునే నాటికి ఆయనకి యాభై. 1966లో బుర్విల్‌తో కలిసి వేసిన యుద్ధకాలపు హాస్యచిత్రానికి ఫ్రాన్స్‌లో 1 కోటి 70 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. ఫ్రెంచి సినిమాల్లో ఆ లెక్కని 2008 దాకా ఇంకొకటి దాటలేదు.

యాభై దాకా ఎవరూ పట్టించుకోని మనిషి! ఈ సంగతి నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఇంట్లో అందరి ముందూ చెప్పాను. మా ఆవిడ వేళ్లు లెక్కపెట్టి, "మరి మీకు వెళ్లిపోయాయి కదండీ?" అంది.

నిజం చెప్పాలంటే నన్ను నేను ఆయనతో ఎప్పుడూ పోల్చుకోలేదు. మనసులో నేను పియెర్ రిషార్‌ని. 1972 నాటి సినిమాలో ఉంగరాల జుట్టుతో, రెండు కాళ్లకీ రెండు రకాల జోళ్లతో, చుట్టూ గూఢచారులు ఒకళ్లనొకళ్లు చంపుకుంటుంటే ఏమీ తెలియకుండా వయొలిన్ పెట్టె పట్టుకుని తిరిగే అమాయకుడు. అందమైన అమాయకత్వం. అది నేనే అనుకునేవాణ్ని.

ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకున్న మా అమ్మాయి ఓసారి నాతో కూర్చుని పోలీసు సినిమా చూసింది. పైఅధికారి రాగానే ద ఫ్యూనెస్ నడుం వంగిపోతుంది, గొంతులో తేనె కారుతుంది. ఆయన అటు తిరగ్గానే కిందివాళ్ల మీద ఒంటికాలి మీద లేస్తాడు. మా అమ్మాయి తెరకేసి, నాకేసి, మళ్లీ తెరకేసి చూసింది. "నాన్నా, అచ్చం నువ్వే." నేను కోపంగా ఏదో అనబోయాను. అదే క్షణాన మేనేజరుగారి ఫోనొచ్చింది. "సార్ సార్, చెప్పండి సార్" అంటూ లేచి నిలబడ్డాను. మాట్లాడి పెట్టేసి, టీవీ సౌండు తగ్గించలేదని మా వాడి మీద అరిచాను. అరిచాక చూస్తే అమ్మాయి చేతులు కట్టుకుని నవ్వుతోంది. వాదించడానికి ఏం మిగిలింది?

అక్కడితో వదల్లేదు. ఫ్రాన్సిస్ వెబెర్ 1998లో తన నాటకాన్నే సినిమాగా తీశాడు. హిందీలో భేజా ఫ్రై చూసినవాళ్లకి ఈ కథ పరిచయమే. కొందరు గొప్పవాళ్లు వారానికోసారి విందు చేసుకుంటారు. ఒక్కొక్కరూ ఒక్కో వెర్రివాణ్ని పిలుచుకు రావాలి. ఎవరి వెర్రివాడు ఎక్కువ నవ్విస్తే వాళ్లు గెలిచినట్టు. అలా దొరికినవాడు పిన్యోఁ. అగ్గిపుల్లలతో ఈఫిల్ టవరు కడతాడు, కట్టిందాని గురించి ఆపకుండా చెప్తాడు. పిలిచినాయనకి నడుం పట్టేస్తుంది, పెళ్లాం వెళ్లిపోతుంది. పిన్యోఁ జాలిపడి సాయం చేయబోతాడు. ఒక్కో ఫోనుతో ఆయన సంసారం ఇంకొంచెం మునుగుతుంది.

సినిమా అయిపోయింది. మా అమ్మాయి ఆలోచిస్తూ అడిగింది: "నాన్నా, మీ ఆఫీసులో ప్రతి పార్టీకీ నిన్నెందుకు పిలుస్తారు?"

"నాకు ప్రపంచ సినిమా తెలుసు కాబట్టి" అన్నాను. అన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయినా చూడ్డం మానలేదు. మానలేను. 1851లో లబిష్ రాసిన నాటకాన్ని రెనె క్లేర్ 1928లో మూకీగా తీశాడు. పెళ్లికొడుకు గుర్రం ఎవరో ఆడమనిషి గడ్డిటోపీ తినేస్తుంది. ఆ టోపీకి జోడీ వెతుకుతూ అతను ఊరంతా తిరుగుతుంటే పెళ్లివారంతా వెంట తిరుగుతారు. అందులో పెళ్లి జరిగే చోట ఒకాయన టై జారిపోతుంది. భార్య దూరంనించి మెడ దగ్గర చెయ్యి పెట్టి సైగ చేస్తుంది. ఆయన తప్ప హాల్లో ఉన్న మగవాళ్లందరూ ఉలిక్కిపడి తమ తమ టైలు సర్దుకుంటారు, ఉపన్యాసం ఇస్తున్న మేయరుతో సహా.

అది చూసినప్పుడు నవ్వలేదండీ, ప్రాణం లేచొచ్చింది. ఏ పెళ్లికెళ్లినా మా ఆవిడ ఆడవాళ్ల వరసలోంచి నాకలాగే సైగ చేస్తుంది. మూతికి పెరుగంటిందనో, చొక్కా గుండీ ఊడిందనో, మాట్లాడింది చాలనో తెలిసి చావదు. నేను అన్నీ సర్దుకుంటాను. నా చుట్టూ ఉన్న మొగుళ్లందరూ సర్దుకుంటారు. మీరూ సర్దుకునే ఉంటారు. దాదాపు వందేళ్ల కిందట, మాటలైనా రాని సినిమాలో, మన బాధ ఒక ఫ్రెంచివాడికి తెలిసింది. వీటి మీద నాకు ఇంత మమకారం ఎందుకంటే ఇందుకే. అందులో పరిగెత్తేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఇంట్లో పరువు నిలబెట్టుకోవాలని తాపత్రయపడేవాళ్లు. పరువు నిలవదు, తాపత్రయం మాత్రం వదలదు.

మొన్న ఆదివారం మా ఆవిడ తీరిగ్గా ఉంటే ఫేదో 1907 నాటి నాటకం కథ చెప్పాను. 1968లో దీన్ని రెక్స్ హారిసన్‌తో ఇంగ్లీషులో సినిమాగా తీశారు. భర్త మీద అనుమానంతో భార్య తన స్నేహితురాలి చేత ఆకాశరామన్న ప్రేమలేఖ రాయిస్తుంది, ఫలానా హోటల్‌కి రమ్మని. అది అందుకున్న మొగుడు ముందు కాస్త పొంగిపోయి, మళ్లీ నన్నెవరు ప్రేమిస్తారులే, ఇది నా స్నేహితుడికి రాసి ఉంటారని అందరికీ చూపిస్తాడు. ఆ ఉత్తరం రాసిన ఆవిడ మొగుడికి కూడా చూపిస్తాడు. ఆయన పెళ్లాం దస్తూరీ గుర్తుపట్టి పిస్తోలు తీస్తాడు.

చెప్పి, గొంతు సవరించుకుని, "నువ్వు నన్నెప్పుడైనా ఇలా పరీక్షించాలనుకున్నావా?" అని అడిగాను. కొంచెం ఆశగానే అడిగాను. అనుమానించదగ్గ మొగుడినని ఒక్కసారి అనిపించుకుంటే చాలు, ఈ వయసులో.

"ఎందుకండీ కాగితం దండగ?" అంది. "మీకలాంటి ఉత్తరమొస్తే ముందు నా దగ్గరికే పట్టుకొస్తారు, కళ్లజోడు ఎక్కడుందో వెతికిపెట్టమని."

"వస్తాననుకో. చదివి ఏమంటావ్?"

"ఏమంటాను? చిరునామా తప్పు పడి ఉంటుంది పాపం, ఆవిడ అక్కడ ఎదురుచూస్తుంటుంది, ఫోన్ చేసి చెప్పండి అంటాను."

అంటుంది. నేను ఫోన్ చేసి చెప్తాను కూడా. మీరైతే చెప్పరూ?